మనిషికొక హాబీ

మిర్చి వ్యాపారంలో టిక్కీ మీద, అంటే కాయలు కుక్కిన బస్తా మీద, రాసింది చూసి ఎవడూ సరుకు కొనడు. లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు లాగుతాడు. ఒకటి విరుస్తాడు, గింజ చూస్తాడు, వాసన చూస్తాడు. తుమ్ము వచ్చాక ధర చెబుతాడు. మనుషుల్ని కూడా ఇలాగే చూసి తీసుకుంటారని నేను ఇంతకాలం అనుకుంటూ వచ్చాను. మనుషుల విషయంలో టిక్కీ మీద రాసిందే సరుకు అని పోయిన వేసవిలో మా ఊరి శీతల గిడ్డంగుల సమాఖ్య నాకు తెలియజేసింది.

సమాఖ్య అంటే మా యార్డులో అమ్ముడుపోని మిర్చిని చల్లగా దాచిపెట్టే సంస్థ. దాని గేటు పక్కన ఒక కాటా ఉంటుంది. లోపలికి పోయే ప్రతి టిక్కీ ఆ కాటా ఎక్కి దిగాల్సిందే. ఆరేళ్లుగా ఆ కాటా వేస్తున్నవాడు మా బావమరిది మల్లేశు. రోజుకూలీ ఉద్యోగం. మల్లేశు గురించి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, పొద్దున టిఫిను మా ఇంట్లో, మధ్యాహ్నం క్యారియరు మా ఇంటినుంచి, నా వ్యాపారం మీద సలహాలు మాత్రం అతని ఖాతాలోంచి. కాటా మీద నిలబడినంతసేపూ నోరు కట్టేసుకుని పని చేస్తాడు. దిగాక ఆ బాకీ మా ఇంట్లో తీర్చుకుంటాడు.

ఆ కాటా ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తున్నామని సమాఖ్య ప్రకటించింది. మల్లేశు కూడా అందరితోపాటు దరఖాస్తు పెట్టుకోవాలి. వయసు గడువు అతనికి ఆ ఏడాదితో సరి. ఇంకెవరికైనా ఆ ఉద్యోగం వస్తే మల్లేశు కాటా దిగి నేరుగా మా కొట్లోకి వచ్చి కూర్చుంటాడు. ఒకసారి సమ్మె రోజున అలా కూర్చున్నాడు. బేరానికి వచ్చిన రైతుకు పక్క కొట్లో ధర ఇంకా బాగుంటుందని చెప్పి పంపించాడు. కాబట్టి అతనికి ఉద్యోగం రావడం అతనికెంత అవసరమో నాకూ అంతే అవసరం.

దరఖాస్తుతోపాటు బయోడేటా జతచేయాలి. అందులో ‘అభిరుచులు’ అనే గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు చెల్లదని ఒక గమనిక. సమాఖ్య మేనేజింగ్ డైరెక్టరు చిదంబరేశ్వరరావు గారు చల్లని కొండ ప్రాంతంలో ఏదో శిక్షణ తరగతికి వెళ్లొచ్చారు. హాబీ లేని మనిషి యంత్రానికీ సంస్థకీ ప్రమాదకరమని అక్కడ చెప్పారట. అందుకని హాబీలకు సగం మార్కులు పెట్టారు. తూకం తెలియడానికి మార్కులు ఉన్నాయో లేదో గమనికలో కనబడలేదు.

మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఆ కాగితం పరిచారు. మా ఆవిడ కనకవల్లి కలం పట్టుకుంది.

“ఒరే మల్లేశూ, పని లేనప్పుడు ఏం చేస్తావురా?”

“పని లేనప్పుడు పనేం చేస్తానక్కా?”

“అది కాదురా. మనసుకి హాయిగా ఉండేది ఏదో ఒకటి ఉంటది గదా.”

మల్లేశు చాలాసేపు ఆలోచించాడు. “చెప్పులిప్పి కాళ్లు చాపుకోడం,” అన్నాడు.

ఆ గడి వదిలేయమని నేను సలహా ఇచ్చాను. కొనేవాడికి అక్కర్లేని సంగతి టిక్కీ మీద రాస్తే లోపల సరుకు మీద అనుమానం వస్తుంది. ఖాళీగా పంపితే పుట్టింటివాళ్లు ఏమీ లేనివాళ్లని అనుకుంటారని మా ఆవిడ అంది. చివరికి ముగ్గురం కలిసి పుస్తకాలు చదవడం, పాటలు వినడం, క్రికెట్ చూడడం అని రాశాం.

దరఖాస్తు పెట్టిన రెండు వందల పైచిలుకు మంది కూడా సరిగ్గా అవే మూడూ, అదే వరుసలో రాశారు.

మిర్చిలో లాటు మొత్తం ఒకే రంగులో ఉంటే దాన్ని మేం మేలురకం అంటాం. సమాఖ్యవారు దాన్ని కుంభకోణం అన్నారు. అభిరుచులు ముందుగానే లీకయ్యాయని తేల్చి, విచారణ సంఘం వేశారు. సంఘంవారు ఎంక్వయిరీ చేసుకుంటూ పోయి బస్టాండు ఎదుట జిరాక్సు కొట్టాయన దగ్గర ఆగారు. ఆయన దగ్గర ఒక రెడీమేడ్ బయోడేటా ఉంది. పేరు, తండ్రి పేరు మాత్రమే మారుస్తాడు, మిగతాదంతా ఎప్పటిదో. ఆ హాబీలు మొదట ఎవరివని గట్టిగా అడిగితే, తనవేనని ఒప్పుకున్నాడు. అభ్యర్థులందరి హాబీలూ అతనివే గనుక ఉద్యోగం అతనికే ఇవ్వడం న్యాయమని ఒక సభ్యుడు విడిగా అభిప్రాయం రాశాడట.

ఎం.డి. గారు అంత దూరం వెళ్లలేదు. కొత్త ఉత్తర్వు వేశారు. అభిరుచుల విభాగం అని ఒకటి పెట్టి, దానికి తాయారమ్మ గారిని సూపరింటెండెంటుగా నియమించారు. ఆమె గేటు దగ్గర నిలబడి ఉత్తర్వు చదివి వినిపించారు.

“ఇందుమూలముగా సమస్త ఉద్యోగులకు, అభ్యర్థులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఒక వ్యక్తికి ఒక అభిరుచి, ఒక అభిరుచికి ఒక వ్యక్తి మాత్రమే అనుమతింపబడును. అభిరుచులు ముందు వచ్చినవారికి ముందు ప్రాతిపదికన కేటాయింపబడును. ఒకరికి కేటాయించిన అభిరుచిని మరొకరు సమాఖ్య ఆవరణలో అనుభవించినచో తగు చర్య తీసుకొనబడును.”

సరుకు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ అయితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మధ్యాహ్నానికల్లా మంచి హాబీలన్నీ పోయాయి. పుస్తక పఠనం అకౌంట్సు గుమాస్తా పేర రిజిస్టరైంది. ఆయన పెళ్లి శుభలేఖ కూడా పూర్తిగా చదివే మనిషి కాదు. అయినా ఆనాటినుంచి సమాఖ్యలో ఇంకెవరూ చదవడానికి వీల్లేదు. వాచ్‌మన్ చేతిలో పేపరు లాక్కున్నారు. ఫైలు చదవడం పుస్తక పఠనం కిందికి వస్తుందా రాదా అని పైకి రాసి, జవాబు వచ్చేదాకా ఫైళ్లు చదవడం ఆపేశారు. బయటివాళ్లకు ఆ తేడా తెలియలేదు.

పాటలు జీపు డ్రైవరుకు వెళ్లాయి. హమాలీలు బరువెత్తేటప్పుడు అనే హైసా అనేది పాట కాదని మేస్త్రీ రాతపూర్వకంగా హామీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. టీ తాగడాన్ని స్టోర్సు ఆయన పట్టేశాడు. మిగతావాళ్లు గేటు అవతలికి పోయి, అటు తిరిగి తాగి, మూతి తుడుచుకుని వచ్చేవాళ్లు. యార్డులో మేం తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటాం, పక్కవాడికి తెలియకుండా. ఆ వారం యార్డులో తువ్వాళ్ల కింద మిర్చికన్నా హాబీలే ఎక్కువ చేతులు మారాయి. మల్లేశు కోసం నేను క్యాంటీను ఆయన దగ్గర ‘తోటపని’ బేరం చేశాను. నా వేలు ఆయన పట్టుకున్నాడు గాని, చివరి నిమిషంలో తన కూతురు పూలమొక్కల మీద మోజు పడిందని చేయి లాగేసుకున్నాడు.

మల్లేశు ఇవేవీ పట్టించుకోలేదు. వారమంతా పొద్దున లేస్తే లారీలే. కాటా దిగి నాతో అభిరుచుల విభాగం కౌంటరుకు వచ్చేసరికి అక్కడ మిగిలినవి గుర్రపు స్వారీ, మంచు మీద జారడం, వేడిగాలి బుడగలో విహరించడం. అన్నిటికీ రుజువు చూపించాలి.

“పోన్లే బావా, గుర్రం రాయి,” అన్నాడు. “యార్డుకొచ్చే జట్కా గుర్రం ఉందిగా.”

నేను రాయలేదు. యార్డంతా ఒక రకం వెంట పరిగెత్తుతుంటే, ప్రతి ఇంట్లోనూ పడి ఉండి ఎవరూ ధర కట్టని సరుకేదో చూడాలి. నా వ్యాపారమంతా అలా చూడడం మీదే నడిచింది. చుట్టూ చూశాను. సమాఖ్య ఆఫీసులో బల్లల వెనక ఉన్నవాళ్లను చూశాను. అప్పుడు తట్టింది. కౌంటరులోకి వంగి, మా మల్లేశు పేర ‘ఊరికే కూర్చోవడం’ రాయమన్నాను.

తాయారమ్మ గారు కళ్లద్దాలు తీశారు. ఇది అభిరుచి నిర్వచన పరిధిలోనికి వచ్చునా అని అడిగారు. నిర్వచనం చదవమన్నాను. జీతభత్యముల ఆశ లేకుండ, ఆత్మసంతృప్తి కొరకు చేయు వ్యాపకము అని ఉంది. ఆమె అక్కడే ఆగి, వెనక్కి తిరిగి ఆఫీసు గదిలోకి చూశారు.

“జీతానికి చేసేవారు కూడా ఉన్నారు కదండీ,” అన్నారు గొంతు తగ్గించి.

“వాళ్లది ఉద్యోగమండీ. మావాడిది అభిరుచి,” అన్నాను.

జాబితా వెతికారు. అటువంటి హాబీ ఎవరి పేరా లేదు. ముద్ర వేశారు.

అప్పటికి నేను కూడా దాని విలువ పూర్తిగా అంచనా కట్టలేదు. మర్నాడు తెలిసింది. సమాఖ్యలో ఊరికే కూర్చునే హక్కు ఇప్పుడు మల్లేశు ఒక్కడిది. తాయారమ్మ గారు రూలు అంటే ప్రాణం పెట్టే మనిషి. గదులన్నీ తిరిగి, ఊరికే కూర్చున్నవాళ్లందరికీ మెమోలు ఇచ్చారు. సాయంత్రానికి ఆఫీసులో ఒక్క కుర్చీలో మనిషి లేడు. అందరూ చేతికి దొరికిన ఫైలు పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. మనుషులు నడిస్తే ఫైళ్లూ నడుస్తాయి. ఒక గదినుంచి ఇంకో గదికి పోతూ పోతూ కొన్ని ఫైళ్లు తెలియకుండానే చివరి సంతకం దాకా వెళ్లిపోయాయి. నాలుగేళ్ల కిందట కాలిపోయిన మోటారు బాగుచేయడానికి అనుమతి వచ్చింది. ఆ మోటారును ఎప్పుడో అమ్మేశారు.

రెండో రోజునుంచి కాటా దగ్గర లారీలతోపాటు ఉద్యోగులు కూడా వరుసలో నిలబడ్డారు. భోజనం తరవాత ఒక్క అరగంట తమ అభిరుచిని నన్ను అనుభవించనివ్వ ప్రార్థన అని ఒక్కొక్కరి చేతిలో ఒక్కో అర్జీ. మల్లేశు బెదిరిపోయి సాయంత్రం మా కొట్టుకు వచ్చాడు.

“బావా, ఆళ్లంతా నన్ను సారంటన్నారు. నాకు తూకం సాగట్లా. ఏంది బావా నువ్వు చేసింది?”

ఉద్యోగం వచ్చేదాకా ఎవరికీ కాదనవద్దనీ, అవుననవద్దనీ చెప్పాను. అవునంటే సరుకు చవకవుతుంది. కాదంటే శత్రువులు తయారవుతారు.

కష్టమంతా ఎం.డి. గారి దగ్గర వచ్చింది. ఆయన పొద్దున పదకొండునుంచి ఒంటిగంట దాకా ఫ్యాను వంక చూస్తూ సంస్థ భవిష్యత్తు ఆలోచిస్తారు. తాయారమ్మ గారు ఆయనకు కూడా మెమో ఇచ్చారు. రోజుకూలీ మనిషికి అర్జీ పెట్టుకోవడం ఆయనకు నామోషీ అయింది. అందుకని మల్లేశు అభిరుచి నిజమో కాదో తనిఖీ చేయాలని ఆజ్ఞ వేశారు. ఉదయంనుంచి సాయంత్రం దాకా సంఘం సమక్షంలో అభ్యర్థి ఊరికే కూర్చోవలెను. ఏ చిన్న పని చేసినా అభిరుచి బూటకమని నిర్ధారింపబడును, అభ్యర్థిత్వము రద్దగును. స్థలం, అతను పనిచేసే కాటా దగ్గరే. వర్తకుల తరఫున సాక్షిగా నన్ను పిలిచారు.

ఆ రోజున నా లారీ ముందు వరుసలో ఉంది. తేజ రకం, ఎర్రగా నిగనిగలాడే కాయ, ఏడాదంతటికీ నేను నమ్ముకున్న సరుకు. వెనక ఇంకా చాలా లారీలు. పడమట మబ్బు పట్టింది. నియమం ప్రకారం సమాఖ్య మనిషి తప్ప ఇంకెవరూ కాటా వేయకూడదు. ఆ ఒక్క మనిషిని కాటా పక్కనే కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా ఎం.డి. గారూ, తాయారమ్మ గారూ, ఇంకో ఇద్దరు అధికారులూ కుర్చీలు వేసుకున్నారు. నేను లారీకీ మల్లేశుకీ మధ్యన నిలబడ్డాను.

చినుకు పడితే నా సరుకు బూజుపట్టి తాలవుతుంది. మల్లేశు లేస్తే మల్లేశు తాలవుతాడు. ఎటు చూసినా నష్టం నాకే.

ఊరికే కూర్చోవడం మల్లేశుకు రాదని మొదటి గంటలోనే తెలిసిపోయింది. కాళ్లు ఊపాడు. అది పనా కాదా అని సంఘం చర్చించి, కాదని తేల్చింది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అవి ఒకదాన్నొకటి తూకం వేసుకుంటున్నట్టు పైకీ కిందికీ కదిలాయి. హమాలీ మేస్త్రీ ఇంక ఆగలేక, ఎవరు వేస్తే వాళ్లు వేస్తారులే అని నా లారీలోంచి మొదటి టిక్కీ తెచ్చి కాటా మీద పడేశాడు. మల్లేశు కుర్చీలోంచి సగం లేచాడు. తాయారమ్మ గారి కలం కాగితం మీదికి వంగింది.

“కూర్చోరా,” అన్నాను.

“వంకరగా పెట్టాడు బావా. తూకం తప్పుద్ది.”

“తప్పనీ.”

“మన సరుకు బావా అది.”

నా సరుకు తూకం తప్పినా పరవాలేదని నేను పుట్టాక ఎవరితోనూ అనలేదు. ఆకాశం వంక చూశాను. మల్లేశు మొహం వంక చూశాను. రేపు ఈ మొహం మా కొట్లో ఎదురుగా ఉంటుంది, జీవితాంతం.

“తప్పనీరా. కూర్చో,” అన్నాను. మల్లేశు కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు తాయారమ్మ గారికి ఒక సందేహం వచ్చింది.

“సార్, ప్రస్తుతం మనము ఏమి చేయుచున్నాము?” అని ఎం.డి. గారిని అడిగారు.

“పర్యవేక్షించుచున్నామమ్మా.”

“అభ్యర్థి ఏమియు చేయుట లేదు సార్. ఏమియు లేనిదానిని చూచుచు మనము కుర్చీలలో ఉన్నాము. ఇది రిజిస్టరైన అభిరుచిని అనుమతి లేకుండ అనుభవించుట కాదా?”

అధికారులిద్దరూ వెంటనే లేచి నిలబడ్డారు. ఎం.డి. గారు అయితే అనుమతి తీసుకుందామని మల్లేశు వైపు తిరిగారు. అనుమతి ఇవ్వడం ఒక పని అవుతుందనీ, ఇస్తే అతని అభిరుచి బూటకమవుతుందనీ, బూటకమైతే అతనిచ్చిన అనుమతి చెల్లదనీ తాయారమ్మ గారు విడమరిచి చెప్పారు. ఎం.డి. గారు కుర్చీ పట్టుకుని కొంతసేపు ఆలోచించి, అలా ఆలోచించడం కూడా తన మీదికి వస్తుందేమోనని భయపడి, ఏదో ఒకటి చేయాలి గనుక దగ్గరలో ఉన్న పని చేశారు. కాటా దగ్గరికి వెళ్లి, వంకరగా ఉన్న టిక్కీని సరిగా జరిపారు.

ముల్లు అటూ ఇటూ ఊగి, ఒకచోట నిలబడింది.

ఆయన దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయారు. తన సర్వీసులో మొదలుపెట్టిన పని కళ్లెదుట పూర్తికావడం అదే మొదటిసారనుకుంటాను. “ఇంకొకటి తెండి,” అన్నారు. తరవాత కోటు తీసేశారు. తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ, చిన్నపిల్లవాడిలా నవ్వుతూ ఒకటొకటిగా అన్ని లారీలూ తూచారు. అధికారులు చీటీలు రాశారు. ఆఖరి టిక్కీ లోపలికి వెళ్లాక వాన పడింది. తూకంలో తప్పులు ఉన్నాయి. అవి నాకు అనుకూలంగా ఉండడంతో పెద్దల పనిలో కల్పించుకోలేదు. మల్లేశు తడుస్తూ కుర్చీలోనే ఉన్నాడు. వానలో గొడుగు తెచ్చుకోవడం పని కిందికి వస్తుందేమోనని అతనికి అనుమానం.

సంఘం ఏకగ్రీవంగా అతని అభిరుచి అసలైనదని రాసింది. హాబీలకు పూర్తి మార్కులు. ఉద్యోగం మల్లేశుదే. మా ఆవిడ వీధివీధంతా మైసూరుపాకు పంచింది. నేను కూడా ఒకటి ఎక్కువే తిన్నాను.

నియామక ఉత్తర్వు వచ్చాక, దాని వెనక రెండో పేజీ ఉందని తెలిసింది. ఎం.డి. గారు అంతవరకు తన పేర ఉన్న ‘ప్రకృతి ఆరాధన’ను వదులుకుని ‘కాటా వేయడం’ రిజిస్టరు చేయించుకున్నారు. ఒక అభిరుచికి ఒక వ్యక్తి. అందుచేత శాశ్వత కాటా ఉద్యోగి అయిన శ్రీ నాగమల్లేశ్వరరావు పనివేళలందు కాటా వద్ద తప్పక హాజరై ఉండవలెననియు, ఎచ్చటను, ఎట్టి పరిస్థితులయందు కాటా వేయరాదనియు, అట్లు వేసినచో ఉద్యోగమునుండి తొలగింపబడుననియు అందులో ఉంది.

లారీలు గేటునుంచి రైల్వే గేటు దాకా నిలబడిన రోజున నేను ఎం.డి. గారి గదికి వెళ్లాను. కాటా ఎప్పుడు వేస్తారో చెబితే సరుకు అప్పుడే తెచ్చుకుంటామని వినయంగా అడిగాను.

“అభిరుచిని తొందరపెట్టకూడదు శెట్టిగారూ,” అన్నారాయన. “మనసు పుట్టాలి.”

ఆయన మనసు వారానికి ఒకసారి, ఎండ లేని పూట పుడుతోంది. నేను నా సరుకును పక్క ఊళ్లో ప్రైవేటు గిడ్డంగికి మార్చేశాను. కిరాయి ఎక్కువే. కానీ అక్కడ పనిచేసేవాళ్లకు ఏ హాబీలూ ఉన్నట్టు లేదు, పొద్దస్తమానం పనిచేస్తుంటారు. మల్లేశుకు నెల తిరిగేసరికి జీతం వస్తోంది. సంబంధాలు కూడా వస్తున్నాయి. మనిషి మాత్రం చిక్కిపోయాడు. టిఫిను దగ్గర కూర్చుంటే ఇడ్లీని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. నా వ్యాపారం మీద సలహాలు పూర్తిగా మానేశాడు. అది మాత్రం నాకు రాబడే.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా గోడౌనుకు వచ్చాడు.

“బావా, ఆ షట్టరు దించు.”

ఎందుకని అడగలేదు. దించాను. మూలనున్న పాత కాటాను లాగి, తుడిచి, తూచాల్సిన అవసరమే లేని టిక్కీలను ఒకటొకటిగా ఎక్కించి దించాడు. అన్నీ అయ్యాక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ముల్లు నిలబడిన ప్రతిసారీ మొహంలో రంగు తిరిగి వస్తోంది. నేను సందులోంచి బజారు వైపు కాపలా కాశాను. సమాఖ్యవాళ్లలో ఎవరి కంట పడినా పర్మనెంటు ఉద్యోగం పోతుంది.

మూడో వరుస నడుస్తుండగా ఎవరో షట్టరు తట్టారు. మల్లేశు చేతిలో టిక్కీని అక్కడే వదిలేసి, ఒక్క గెంతులో కుర్చీలో పడి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.